మూడో పాదం దగ్గర ఆగిన పద్యం

బందరు బచ్చుపేటలో వెంకట్రామయ్యగారి అరుగు మీద ఏ మాట మొదలైనా చివరికి నాటకంలోకే వెళ్ళేది. పొట్లకాయలు ప్రియమయ్యాయని మొదలుపెడితే, పోయిన శనివారం విదూషకుడు వేసిన హాస్యం దగ్గర తేలేది. కాలవకు నీళ్ళు వదల్లేదని మొదలుపెడితే, హార్మోనియం వాయించే ఆయన ఈమధ్య శ్రుతి తగ్గించి పట్టుకుంటున్నాడని ముగిసేది. టాకీలు ఇంకా రాని రోజులు.

వెంకట్రామయ్య కోర్టు గుమాస్తా. కచేరీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చునేసరికి బట్టల కొట్టు శోభనాద్రి వచ్చేవాడు. నందివాడ రైతు పున్నారావు పొలం తగాదా మీద వాయిదాలకు వచ్చి, వాయిదా అయిపోయినా, శనివారం ఆట చూసిగాని ఊరికి వెళ్ళేవాడు కాదు. వెంకట్రామయ్యగారి భార్య నాగేంద్రమ్మగారు కాఫీ గ్లాసులు గడప మీద పెట్టి, తలుపు వెనకాల పీట వేసుకుని, విస్తరాకులు కుడుతూ మాటలు వినేది. నచ్చకపోతే అక్కడినుంచే ఒక మాట అనేది.

దీపాలు పెట్టే వేళకి మర్నాటి ఆటలోనుంచి ఒక పద్యం ఆ అరుగు మీదికి వచ్చేది. పాడేవాడు అప్పటికి ఇంకా ఏ ఏలూరులోనో తన ఇంట్లో కూర్చుని ఉండేవాడు. పద్యం మాత్రం హార్మోనియంతో సహా, జనం వేసే వన్స్‌మోర్‌తో సహా, ఒకరోజు ముందే వచ్చి వినబడిపోయేది. వీధిలోవాళ్ళు కాసేపు ఆగి, విని, గొంతు బాగుంటే టిక్కెట్టు కొనుక్కోవడానికి వెళ్ళేవాళ్ళు. ఒకసారి పద్యంతోపాటు నాటకాల పాక రేకుల మీద వాన చప్పుడు కూడా వినబడింది. మర్నాడు బచ్చుపేట వాళ్ళంతా గొడుగులు పట్టుకుని ఆటకు వెళ్ళారు. మిగతా ఊరంతా తడిసింది.

ఆ మాఘమాసంలో ఒక శుక్రవారం అరుగు మీద ముగ్గురూ మామూలుకంటే ముందే చేరారు. మర్నాడు ‘వసంతకేతు విజయం’. రాజు వేషం వెంకట్రామయ్యగారి అల్లుడు ప్రకాశరావుది. గుడివాడ బోర్డు స్కూల్లో అతను టీచరు. వారమంతా పిల్లలకు లెక్కలు చెప్పి, శనివారం రైలెక్కి బందరు వచ్చి కిరీటం పెట్టుకునేవాడు. అతని భార్య వసుంధర తొలిచూలు. పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది.

“రాణి వేషం కుర్రాడికి మీసం వస్తోందండీ. రేపు ఎంత రంగు పూసినా దాగదు” అన్నాడు శోభనాద్రి.

“మీసం సంగతి ఎవరిక్కావాలి? యుద్ధానికి వెళ్తూ రాణి దగ్గర సెలవు తీసుకునే పద్యం ఉంది చూశారూ, దానికోసం నేను మినప చేలు వదిలిపెట్టి వచ్చాను” అన్నాడు పున్నారావు.

వసుంధర లోపల దీపం వెలిగిస్తుండగా ఆ పద్యమే వచ్చింది.

మొదటి పాదానికే శోభనాద్రి గ్లాసు కింద పెట్టేశాడు. రెండో పాదంలో వీధిలో వెళ్తున్న జట్కా ఆగింది. మూడో పాదం చివర ప్రకాశరావు గొంతు పైకి లేచి, అక్కడ నిలబడి, ఇంక దిగదేమో అన్నట్టు సాగింది. పున్నారావు కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత నాలుగో పాదం రాలేదు. గొంతు తెగింది. ఒక ఆడమనిషి కేక వినబడింది. ఏదో బరువైనది బల్లల మీద పడిన చప్పుడయింది. తర్వాత హార్మోనియం లేదు, జనం లేరు. ఏమీ లేదు.

అంతవరకూ ఆ అరుగు మీదికి వచ్చిన పద్యం ఏదీ మధ్యలో ఆగలేదు.

ముందు శోభనాద్రి అన్నాడు: “గొంతు ఆగింది. అది చూసి ఎవరో కేక పెట్టారు. ఆనక మనిషి పడ్డాడు.”

“ఎవరో కాదు” అన్నారు వెంకట్రామయ్యగారు. “మా అమ్మాయి.”

వసుంధర గుమ్మంలో నిలబడి ఉంది. తన కేకను తనే బయటినుంచి వినడం ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది. అగ్గిపుల్ల వేలిదాకా కాలింది కూడా తెలియలేదు.

“అమ్మాయి ఎలా అవుతుందండీ? అమ్మాయి ఆటకే రాదుగా” అన్నాడు పున్నారావు.

అదీ నిజమే. పెళ్ళయిన కొత్తలోనే ప్రకాశరావు ఆమెతో చెప్పాడు, నువ్వు ఎదురుగా కూర్చుంటే నాకు పద్యం రాదు, నువ్వెక్కడున్నావో వెతుక్కుంటూ నిలబడిపోతాను, అని. అందుకని ఆమె ఇంతవరకూ భర్తను రంగస్థలం మీద చూడలేదు.

“కేకే ముందండీ” అంది నాగేంద్రమ్మగారు తలుపు వెనకాలనుంచి. “కేక విని అబ్బాయి పద్యం ఆపాడు.”

“కాదమ్మా, గొంతు ఆగాకనే” అన్నాడు శోభనాద్రి.

“రెండూ ఒక్కసారే” అన్నాడు పున్నారావు.

మామూలు రోజైతే ఆ తగువు రాత్రి భోజనాలదాకా నడిచేది. ఆ రోజు ఎవరూ రెండోమాట అనలేదు. వెంకట్రామయ్యగారు లేచి కూతురి దగ్గరికి వచ్చారు.

“రేపు నువ్వు గడప దాటకు తల్లీ. నువ్వక్కడ లేకపోతే ఆ కేక ఉండదు. కేక లేకపోతే మిగతాది కూడా జరగదు.”

“ఇక్కడ విన్నది ఇంతవరకూ తప్పింది లేదు కదండీ” అని నసిగాడు పున్నారావు.

శనివారం పొద్దున రైలు దిగి ప్రకాశరావు ఇంటికి వచ్చేసరికి వీధిలో వాళ్ళు అతన్ని చూసి తలుపులు ఓరగా వేసుకుంటున్నారు. అరుగు మీద శోభనాద్రీ పున్నారావూ ఉండగానే మామగారు జరిగింది చెప్పారు. అతను కండువా మడత పెడుతూ విన్నాడు. అంతా విని, “మూడో పాదం ఎలా వచ్చింది?” అని అడిగాడు.

అబద్ధం చెబుదామని వెంకట్రామయ్యగారు నోరు తెరిచేలోపు పున్నారావు అనేశాడు. “నేను బుద్ధెరిగిన దగ్గర్నుంచి నాటకాలు వింటున్నాను బాబూ. అలాంటిది వినలేదు.”

ప్రకాశరావు మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి గుమ్మంలో ఉన్న వసుంధరకు నిన్నటికంటే ఎక్కువ భయం వేసింది.

లోపల గదిలో ఆమె అడిగింది: “మీకు భయంగా లేదా?”

“ఉంది.”

“అయితే వెళ్ళకండి.”

“వెళ్ళకపోతే ఆ మూడో పాదం నేనెప్పుడు పాడతాను వసుంధరా? ఇన్నేళ్ళనుంచీ దానికోసమే కదా పాడుతున్నాను.”

“నాలుగో పాదం సంగతో?”

అతను ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం కలిపాడు గాని తినలేదు.

శోభనాద్రి ఆటలు ఆడించే కంట్రాక్టరు దగ్గరికి వెళ్ళి ఆట ఆపమన్నాడు. కంట్రాక్టరు ఆ మాటను కొట్టిపారేయలేదు. అరుగు సంగతి అతనికీ తెలుసు. “కృత్తివెన్ను నుంచి, ముదినేపల్లి నుంచి బళ్ళు కట్టుకుని వస్తున్నారండీ. ఆపితే పాక పీకేస్తారు” అన్నాడు. కాని తనే దగ్గరుండి పెట్రోమాక్సు లైట్ల తాళ్ళు కొత్తవి కట్టించాడు. వదులైన బల్లలకు మేకులు కొట్టించాడు. సేనాపతి చేతిలో నిజం కత్తి తీసేసి అట్టకత్తి ఇప్పించాడు. రంగు పూసే గదిలో ఒక డాక్టరును కూడా కూర్చోబెట్టాడు. డాక్టరును చూశాక వేషగాళ్ళకు ఉన్న ధైర్యం కాస్తా పోయింది.

ఎండ వాలుతుండగా వెంకట్రామయ్యగారు కోటు తొడుక్కున్నారు. భార్యతో, “అమ్మాయిని చూసుకో, వీధి తలుపు గడియ తీయకు” అని చెప్పి వెళ్ళారు.

ఇంట్లో తల్లీ కూతుళ్ళు మిగిలారు. అరుగు ఖాళీగా ఉంది. మర్నాడు ఆట లేదు కాబట్టి అక్కడికి వచ్చే పద్యమూ లేదు. వీధంతా పాక దగ్గరికి తరలిపోయింది. ఆ నిశ్శబ్దంలో వసుంధర కడుపులో బిడ్డ కూడా కదలకుండా ఉంది.

“అమ్మా, నిజంగా కేకే ముందా?”

“ముందే.”

“నాన్న పొరపాటు పడ్డారంటావా?”

“మీ నాన్నా వాళ్ళూ పద్యం వింటున్నారు. నేను నీ గొంతు విన్నాను.”

“మరి నేను వెళ్ళకపోతే, కేక వెయ్యకపోతే, ఆయన ఆగరు కదా?”

నాగేంద్రమ్మగారు చేతిలోని ఆకుల కట్ట కింద పెట్టి, లేచి, దండెం మీది శాలువా తీసి కూతురి భుజాల చుట్టూ కప్పింది. గడియ తీసింది.

“మెల్లిగా నడువు. బళ్ళు చూసుకో” అంది. “నేనూ వస్తున్నాను.”

పాకలో ఆడవాళ్ళు కూర్చునే చోటు ఎడమ పక్కన, తడిక వెనకాల. తల్లి దారి చేస్తుంటే వసుంధర రంగస్థలానికి దగ్గరగా తడిక చివరికి వెళ్ళి నిలబడింది. కిరీటం, నల్లటి మీసం, గులాబీ రంగు మొహం. అది తన భర్తేనని నమ్మడానికి ఆమెకు కాసేపు పట్టింది. ముందు వరసలో తండ్రి వీపు కనిపించింది. ఆయన కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు.

ఆపద ఎక్కడినుంచి వస్తుందో ఆమెకు తెలియదు. లైట్ల వైపు చూసింది. నిలకడగా ఉన్నాయి. సేనాపతి నడుమున ఉన్న కత్తిని చూసింది, అట్టది. బల్లల మీద ప్రతి అడుగూ చూసింది. నవ్వుతున్న విదూషకుణ్ణి కూడా చూసింది. ఆ రోజు పాకలో ఉన్న ప్రతి వస్తువూ ఆమెకు ప్రకాశరావును చంపేదిలాగే కనిపించింది.

పద్యం మొదలైంది. రెండో పాదానికి పాకలో దగ్గు కూడా వినబడటం లేదు. మూడో పాదం చివర అతని గొంతు పైకి లేచింది. నిన్న విన్నదే. కాని ఎదురుగా నిలబడి వినడం వేరు. అతను కళ్ళు మూసుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆ గొంతు వెనకే ఆమె కూడా పైకి వెళ్ళిపోయింది. దేనికి వచ్చిందో మరిచిపోయింది. నాలుగో పాదం వినాలని ఆమెకూ కోరిక పుట్టింది. ఆ కోరిక పుట్టినందుకే ఆమెకు భయం వేసింది.

ప్రకాశరావు నాలుగో పాదానికి ఊపిరి తీసుకుని, జనం వైపు ఒక అడుగు ముందుకు వెయ్యబోయాడు.

వసుంధర కేక పెట్టింది. మాట కాదు, పేరు కాదు, ఒట్టి కేక.

అతని గొంతు తెగింది. కళ్ళు తెరిచి, ఆమెను వెతుక్కుంటూ తడిక వైపు తిరిగి, ఎత్తిన కాలు అటు పెట్టాడు. అప్పుడు పైనుంచి తెర జారింది. తెర చుట్టే జానెడు లావు దుంగ, రంగుల గుడ్డతో సహా, అతను నిలబడవలసిన చోట పడింది. రెండు బల్లలు విరిగి లోపలికి పోయాయి. పైన లైట్ల తాళ్ళన్నీ మార్చినవాళ్ళు తెర తాడు మార్చడం మరిచిపోయారు.

పాకలో చప్పుడు లేదు. హార్మోనియం ఆయన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ముందు వరసలో వెంకట్రామయ్యగారు లేచి నిలబడి, అల్లుడు నిలబడే ఉన్నాడని చూసి, మళ్ళీ కూర్చోబోయి కుర్చీ తప్పి కింద కూర్చున్నారు.

ఆట అక్కడితో ఆగిపోయింది. డబ్బులు ఎవరూ వెనక్కి అడగలేదు. ప్రకాశరావు కిరీటంతోనే కిందికి దిగి తడిక దగ్గరికి వచ్చాడు. ఎందుకు వచ్చావని అడగలేదు. ఆమె చెయ్యి పట్టుకుని నడిచాడు. జనం జరిగి దారి ఇచ్చారు. వాళ్ళ వెనకాల నాగేంద్రమ్మగారు, ఆవిడ వెనకాల కండువాతో మొహం ఒత్తుకుంటూ వెంకట్రామయ్యగారు.

ఇంటికి వచ్చాక వెంకట్రామయ్యగారు అరుగు మీద కూర్చోలేదు. శోభనాద్రీ పున్నారావూ వస్తే లోపలికి రమ్మని, వసారాలో చాప వేయించారు. పున్నారావు, “మినప చేలకు ఈసారి పల్లాకు తెగులు పట్టిందండీ” అన్నాడు. ఆ మాట నాటకంలోకి వెళ్ళలేదు.

దొడ్లో నూతి పళ్ళెం దగ్గర ప్రకాశరావు మొహాన రంగు కడుక్కుంటున్నాడు. వసుంధర చెంబుతో నీళ్ళు పోస్తోంది. గులాబీ రంగు గడ్డం మీదినుంచి కారుతోంది.

“నాలుగో పాదం గొంతులోనే ఉండిపోయింది” అన్నాడు అతను. “మింగుడుపడటం లేదు.”

“ఇక్కడ పాడండి. ఎవరూ లేరు.”

“నువ్వున్నావుగా.”

“ఉన్నాను.”

అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఆమె చటుక్కున అతని చెయ్యి పట్టుకుని, నూతి గిలక వేలాడే దూలం కిందనుంచి ఇవతలికి లాగింది.

“ఇలా జరగండి.”

అతను జరిగాడు. ఇంకొంచెం జరగమంది. నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేని చోట అతన్ని నిలబెట్టి, తను పక్కన నిలబడింది. అతను పిల్లలకు పాఠం చెప్పినంత మెల్లిగా, రాగం పెద్దగా సాగదీయకుండా, నాలుగో పాదం ఎత్తుకున్నాడు. భర్త పాడుతుంటే మొహం చూడాలని వసుంధరకు పెళ్ళయిన నాటినుంచీ కోరిక. పద్యం పూర్తయ్యేదాకా ఆమె అతని నెత్తి మీదికే చూస్తూ నిలబడింది.