రూతు చేతి మీద సున్న

నేను ఒక స్కేలును. పదిహేను సెంటీమీటర్ల పొడవు, అవతలి చర్మం కనబడేంత పారదర్శకం, వంగుతాను గానీ అంత తేలిగ్గా విరగను. అసలు బడిపిల్లల జామెట్రీ బాక్సుల్లోకి పోవాల్సినదాన్ని. నాతోపాటు అచ్చులోంచి ఊడిపడ్డవన్నీ అలాగే పోయాయి, కాస్తో కూస్తో చదువుకున్నాయి, పిల్లల దెబ్బలాటల్లో విరిగి హాయిగా చచ్చాయి. నన్ను మాత్రం ఒక క్షయ కేంద్రానికి కొనుక్కుపోయారు. ఊరి పేరు చెప్పను. మిర్చి యార్డున్న ఊరు, గాలి పీలిస్తేనే దగ్గొచ్చే ఊరు. అంతవరకు తెలిస్తే చాలు.

మొదట అక్కడి హెల్త్ విజిటరు ఖాజావలీగారి చేతిలో పడ్డాను. ఆయన రోజుకు నాలుగుసార్లు నాతో వీపు గోక్కునేవాడు. ఏం చేస్తాం, మనుషులు. పనిలో మాత్రం మహా నిక్కచ్చి. పని ఏమిటంటే, ముంజేతి లోపలివైపు చర్మంలోకి క్షయ క్రిమి తాలూకు సారం ఒక్క చుక్క ఎక్కిస్తారు. మూడో రోజుకి ఆ మనిషి తిరిగొస్తాడు. ఒంట్లోని రక్షణ కణాలు ఆ క్రిమిని ముందే ఎరిగి ఉంటే అక్కడికి గుంపుగా చేరతాయి, చర్మం గట్టిగా ఉబ్బుతుంది. బాల్‌పెన్నుతో అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి గీసుకుంటూ వస్తే, గట్టిదనం మొదలైన చోట పెన్ను ఆగిపోతుంది. ఆ రెండు చోట్ల మధ్య దూరం ఎంతో చెప్పడం నా వంతు. పది మిల్లీమీటర్లు దాటిందా, క్రిమి ఒంట్లో కాలుపెట్టినట్టే. ఎరుపు చూసి మోసపోవద్దు, గట్టిదనాన్నే కొలవాలి అని ఆయన కొత్తవాళ్లకు చెప్పేవాడు. సున్న వచ్చిందని సంబరపడొద్దు, అనుమానముంటే కళ్లె పరీక్ష చేయించాలి అని కూడా చెప్పేవాడు.

ఆ మాట విన్నవాళ్లలో సువార్త ఒకతి. రిటైరై పోతూ ఆయన నన్ను ఆమెకే అప్పగించాడు. సువార్తది మెత్తని చెయ్యి. నాతో వీపు గోక్కోలేదు సరికదా, రోజూ సాయంత్రం స్పిరిట్ దూదితో తుడిచి పెట్టేది. పదకొండేళ్లు కలిసి పనిచేశాం. ఒక్క మిల్లీమీటరు తేడా రానివ్వలేదు.

అప్పుడొచ్చింది రూతు. సువార్త సొంత చెల్లెలు, యార్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. ఆరు వారాలుగా దగ్గు. మనిషి చూస్తే ఎముకా తోలూ. యార్డులో దగ్గనిదెవరు, అంతా మిరప ఘాటే అని అక్కాచెల్లెళ్లు ఒకరికొకరు నచ్చజెప్పుకున్నారు. పరాయి మనిషైతే సువార్త ముందు కళ్లె డబ్బా చేతికిచ్చి పంపేది. కానీ ఆ డబ్బా పట్టుకుని వరండాలో నిలబడితే చూసినవాళ్లు ఊరుకుంటారా? రేపట్నుంచి యార్డులో పక్కన కూర్చోనివ్వరు. అందుకని, ముందు సూది వేసి చూద్దాం అనుకున్నారు. డాక్టరు కామాక్షిగారు ఆ వారం ఊళ్లో లేరు.

మూడో రోజు పెన్ను అటునుంచి వచ్చింది. ఎక్కడా ఆగలేదు. ఇటునుంచీ వచ్చింది, ఆగలేదు. రెండు గీతలూ నడిమధ్యలో కలిసిపోయాయి. నన్ను తెచ్చి ఆ చేతి మీద ఆనించింది సువార్త. నా సున్న గీత కింద చర్మం కాలిపోతోంది. జ్వరం. అది కొలిచే విద్య నాకు లేదు.

"సున్నేనా, అక్కా?" అంది రూతు.

సువార్త సున్నే అని చెప్పి, చెల్లెల్ని వాటేసుకుని ఏడ్చేసింది. నేనేమో, నిజం చెప్పాలంటే, గర్వపడ్డాను. అంత శుభ్రమైన కొలత ఎప్పుడోగాని రాదు.

నాలుగు నెలలకు రూతును ఆటోలో తీసుకొచ్చారు. కొంగంతా నెత్తురు. మందులు మొదలుపెట్టిన పంతొమ్మిదో రోజున పోయింది.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు సువార్త నన్ను డాక్టరుగారి బల్ల మీద పెట్టి, ఒంట్లో అంత జబ్బుండి చెల్లెలి చర్మం ఎందుకు పలకలేదని అడిగింది. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. రక్షణ కణాల ఒంటి మీద గ్రాహకాలని ఉంటాయట. కొన్ని క్రిమి ముక్కను గుర్తుపట్టి మిగతా కణాలను కేకేస్తాయి. కొన్ని, ఇక చాలు ఆగండి అని బ్రేకు వేస్తాయి. ఆ బ్రేకు లేకపోతే కణాలు క్రిమితోపాటు సొంత ఊపిరితిత్తినే నమిలేస్తాయి, కాబట్టి రెండూ కావాలి. కానీ పోరు నెలల తరబడి సాగితే బ్రేకు వేసే గ్రాహకాలే ఎక్కువైపోతాయి. కణం ఉంటుంది, క్రిమి ఎదురుగానే ఉంటుంది, కణానికి చెయ్యి లేవదు. తిండి చాలని ఒంట్లో అది మరీ ఎక్కువ. ఇంకా కారణాలున్నాయి గానీ ఇదొకటి అన్నారు.

"క్రిమి లేక రాలేదు సువార్తా ఆ సున్న. పోరాడి పోరాడి మీ చెల్లెలి ఒళ్లు మూగబోయింది."

అప్పట్నుంచీ ఏ చేతి మీద పెట్టినా నాకు రూతు చెయ్యే తగులుతుంది. బలిసిన చేతుల మీదా అదే వేడి. సున్న వచ్చినవాళ్లు స్వీట్లు తెస్తామని నవ్వుతుంటే, వీళ్ల ఒళ్లూ మూగబోయిందేమో అనుకునేదాన్ని. దగ్గుతో వచ్చినవాళ్లకు సువార్త ముందు డబ్బా ఇచ్చేది, వాళ్లతో వరండాలోకి వెళ్లి పక్కనే నిలబడేది.

రూతు కూతురు జెమీమా పెద్దమ్మ దగ్గరికే వచ్చేసింది. తొమ్మిదేళ్లది. ఎక్స్‌రే తీశారు, బాగానే ఉంది. సూది వేశారు. ఆ మూడు రోజులూ సువార్త అన్నం సరిగా తినలేదు. సున్న వస్తే అది మంచి సున్నో, మూగ సున్నో ఎవరు చెప్తారు? ఇంకో సున్న చూడడం నా వల్ల కాదనిపించింది.

పెన్ను అటునుంచి వచ్చింది. ఆగింది. ఇటునుంచి వచ్చింది. ఆగింది. పద్నాలుగు. క్రిమి చేరింది, కానీ పిల్ల ఒళ్లు పలుకుతోంది. జబ్బు ముదరకముందే మాత్రలు వేయొచ్చు. సువార్త ఆ గట్టి ఉబ్బు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. కళ్లమ్మట నీళ్లు.

"అమ్మకి ఎన్ని వచ్చాయి, పెద్దమ్మా?" అని అడిగింది జెమీమా.

అబద్ధం చెప్పొచ్చు. సువార్త నా వైపు చూసింది, సున్న అని చెప్పింది.

"అయితే అమ్మ ఫెయిలయ్యిందా?"

"ఫెయిలైంది అమ్మ కాదు, తల్లీ. నేను."

ఇప్పుడు రక్తం తీసి చూసే పరీక్షలొచ్చాయి. నన్ను సొరుగులో పడేశారు. జెమీమా మాత్రలు పూర్తి చేసి ఆరో తరగతికి వచ్చింది, అప్పుడప్పుడూ వచ్చి సొరుగులో పెన్సిళ్లు వెతుక్కుంటుంది. దాని వేళ్లు నాకు తగిలినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. రూతు చేతిని కొలిచిన రోజు ఆ గదిలో ఫెయిలైనవాళ్లం ఇద్దరం. ఒప్పుకున్నది సువార్త ఒక్కతే.