అరండల్‌పేట పగడం

ఐసుగడ్డ కట్టిన నీళ్ళ సీసాను టవలుతో తుడిచి, కరీముల్లా మెల్లగా అక్వేరియంలోకి దించాడు. కరెంటు పోయి గంట దాటింది. మే నెల ఎండకి పది గంటలకే మేడ గోడలు కాలుతున్నాయి. పంపు ఆగిపోవడంతో లోపల నీరు కదలడం లేదు. ఆయన మగ్గుతో నీళ్ళు ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోకే పోయసాగాడు. అలా పోస్తుంటే నీటికి కాస్త గాలి తగులుతుంది. మోచేతి దాకా ఉప్పు ఎండి చర్మం చుర్రుమంటున్నా చెయ్యి ఆపలేదు.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పద్దెనిమిదేళ్ళు మిర్చి యార్డులో బస్తాలు తొక్కి నింపాడు. ఊపిరితిత్తులు మొరాయించి, ఘాటుకి దూరంగా ఉండమని డాక్టరు చెప్పాక చేపల దుకాణంలో చేరాడు. మోపెడ్ మీద క్యాన్లు కట్టుకుని పదకొండు ఇళ్ళలో అక్వేరియాలు కడుగుతాడు. పది ఇళ్ళలో ఉన్నవి మామూలు రంగు చేపలు. మిర్చి ఎగుమతి చేసే వీరాంజనేయులు గారి అరండల్‌పేట ఇంట్లో మాత్రం ఉప్పునీటి అక్వేరియం. అందులో ఆయన మద్రాసు నుంచి తెప్పించిన పగడం ఉంది. అది ఉంగరంలో పొదిగే రాయి కాదు. ప్రాణమున్న మెత్తటి పగడం. పుట్టగొడుగంత ఆకారం, తడిసిన తోలులాంటి ఒళ్ళు, పైన వందల సన్నటి వేళ్ళు. ఇంట్లో అందరూ దాన్ని పువ్వు అనేవాళ్ళు.

దాన్ని చావు దాకా తీసుకెళ్ళింది కరీముల్లాయే.

ఫిబ్రవరిలో చేపలకి తెల్లమచ్చలు వచ్చాయి. వాటిని పట్టి వేరే బకెట్లో వేసి మందు పొయ్యాలి. ఆ నీలం మందులో రాగి ఉంటుందనీ, పగడానికది విషమనీ దుకాణం యజమాని రెండుసార్లు చెప్పాడు. ఆ రోజు ఒళ్ళు నొప్పులు. చేపల వెంట వల తిప్పే ఓపిక లేక, రెండు మూతలు అక్వేరియంలోనే పోసేశాడు. మర్నాటికి పగడం వేళ్ళన్నీ ముడుచుకుని ఓ పక్కకి వాలిపోయింది. అంచు కుళ్ళడం మొదలైంది.

వీరాంజనేయులు గారు హాల్లో నిలబడి ఎవరేం చేశారని అడిగారు. ఇల్లు తుడిచే వెంకటరావమ్మే ముందు నోరు విప్పింది. "అద్దం మీద మరకుంటే ఫినాయిలు గుడ్డతో తుడిచానయ్యా. లోపల పడిందేమో."

ఆయన కరీముల్లా వైపు చూశారు.

"ఫినాయిలు పడితే అట్టాగే అవుద్దండి," అన్నాడు కరీముల్లా.

ఆ ఒక్క మాటతో ఆమె పని పోయింది. పదకొండు ఇళ్ళలో ఆయన్ని పేరు పెట్టి పిలిచే మనిషి ఆమె ఒక్కతే. మిగతా అందరికీ ఆయన చేపలతను. వెళ్ళేటప్పుడు కూడా, "కరీముల్లా, పువ్వుని ఎట్టాగైనా బతికించు తమ్ముడూ, పాపం మూటగట్టుకున్నా," అని చీరాల దగ్గర వాడరేవులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన తల వంచుకుని పైపు చుట్టుకుంటూ ఉండిపోయాడు. ఈ సంగతి భార్య షహనాజ్‌కి కూడా చెప్పలేదు.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు వచ్చి కొంత కొంత నీరు మార్చాడు. మిగిలిన రాగిని పీల్చేందుకు ఫిల్టరులో బొగ్గు సంచి పెట్టాడు. కొత్త బ్లేడుతో కుళ్ళిన అంచు కోసేసి, లైటు వేడి తగలకుండా పగడాన్ని కింది రాతి మీదికి దించాడు. అది బతికితే నిజం చెప్పొచ్చు, అప్పుడు తిట్టినా తక్కువే తిడతారని తనకి తాను గడువు పెట్టుకున్నాడు. ఆ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా తన మీద తనకే రోత పుట్టేది.

పది రోజులుగా పగడం మీద మైనంలాంటి పొర కప్పుకుని ఉంది. ఇంతలో కరెంటు వచ్చి పంపు మూలిగింది. కరీముల్లా సిరంజితో నీరు పీల్చి, పొర అంచు మీదికి మెల్లగా చిమ్మాడు. అది చిరిగి, తేలి, ఫిల్టరు వైపు పోయింది. కింద లేత గోధుమరంగు ఒళ్ళు. కాసేపటికి ఒక వేలు బయటికొచ్చింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే ఒక వైపంతా నూగులా లేచింది.

ఇంటావిడ శ్రీరమ్య వచ్చి వెనక నిలబడింది. "బతికిందే. అంతా నీ చేతి చలవే."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "మేడం, ఒక మాట చెప్పాలండి."

"నీకూ ఒకటి చెప్పాలి. మన వెంకటరావమ్మ పోయింది. శుక్రవారం రాత్రి పడుకున్న మనిషి మరి లేవలేదంట. వాళ్ళమ్మాయి నిన్న వచ్చి చెప్పింది."

కరీముల్లా సిరంజిని బల్ల మీద పెట్టాడు. అది దొర్లి కింద పడింది. వంగి తియ్యలేదు.

"ఫినాయిలు కాదండి," అన్నాడు. "చేపలకి మందు పోశా. పొయ్యకూడదని తెలిసే పోశా."

ఆవిడ అద్దం దగ్గరికి వచ్చి పగడాన్ని చూసింది. "ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది, పువ్వు ఎట్టా ఉందమ్మా అని," అంది. "ఆ రోజే చెప్పుంటే ఏమయ్యేది?"

"భయమేసిందండి."

"నాకు చెప్పి ఏం లాభం? వాళ్ళమ్మాయికి చెప్పు. తల్లి పొరపాటేం లేదని తనకైనా తెలియాలి."

చీటీ మీద పేరూ, వాడరేవులో ఇంటి గుర్తులూ రాసిచ్చింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆయనకి. "చీరాల బస్సుకి ఇప్పుడే పోతానండి," అని చీటీ జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

"వరండాలో క్యాను చూడు," అంది ఆవిడ వెనక నుంచి. "చనిపోయే ముందు రోజు తనే సముద్రంలోకి దిగి నీళ్ళు పట్టిందంట, పువ్వుకి పొయ్యమని. కూతురు మోసుకొచ్చింది."

ఒడ్డున పట్టిన నీళ్ళు. పడవల నూనె, మురికీ ఉంటాయి. పగడానికి పోయడానికి పనికిరావు. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. ఆయన దాన్ని తాకకుండానే మెట్లు దిగి మోపెడ్ తీశాడు.

వరండా గోడ పక్కన ఐదు లీటర్ల నూనె క్యాను, మూతికి పాత చీర గుడ్డ రెండు మడతలు వేసి గట్టిగా కట్టి ఉంది. లోపల నీరు తేరుకుని, అడుగున వేలెడు మందాన ఇసుక పేరుకుంది.