మూడో ఉడుకు

చూపుడు వేలు నాలుకకి అద్ది ఇస్త్రీపెట్టె అడుగుకి తాకించింది. చుస్ అంది. చాలదు. కాసేపాగి మళ్ళీ తాకించింది. చుర్ అంది. అప్పుడు కోటు పరిచింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడ వేడిని కొలిచేది ఆ చప్పుడుతోనే. పెట్టె మీద అంకెల మీట ఉంది గానీ దాన్ని ఏనాడూ నమ్మలేదు. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, జేబులు, చివరికి వీపు. ఇది ఆసుపత్రి బట్టలుతికే గది. ఒక పక్క రెండు పెద్ద డ్రమ్ములు, ఇంకో పక్క ఆవిడ బల్ల. రోజుకి నలభై డాక్టరు కోట్లు ఆ బల్ల మీంచి పోతాయి. ఆ కోట్లు వేసుకు తిరిగేవాళ్ళలో ఒక్కడికీ ఈవిడ ముఖం తెలియదు. కోటు నలిగి ఉంటే మాత్రం ఎవరు చేశారని కేకలు వేస్తారు. అలా కేకలు వేసే అవసరం ఆవిడ ఎవరికీ రానివ్వలేదు.

ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. దానికి ఆవిడ పెద్దగా బెంగపడటం లేదు. బెంగంతా మొదటి డ్రమ్ములో తిరుగుతోంది.

"ప్రయోగాలక్కా! నీళ్ళు నీలంగా వస్తున్నాయే!" అని అరిచాడు డ్రమ్ముల దగ్గరి బాబాయి. వయసులో ఆవిడకంటే నాలుగేళ్ళు చిన్న. బట్టతల రాగానే గదిలో అందరికీ బాబాయి అయిపోయాడు.

"రానీ బాబాయ్. మొదటి ఉడుకు కదా."

అలా అందే గానీ ఇస్త్రీపెట్టె కోటు వీపు మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. గభాలున ఎత్తేసింది.

డ్రమ్ములో ఉన్నది ఒక కర్టెన్. ఏడడుగుల పొడుగు. చిరిగిపోయి గుడ్డపీలికల కింద తీసేసిన దుప్పట్లలో గట్టిగా ఉన్నదాన్ని అడిగి తీసుకుని, మైనంతో, రంగుతో ఆవిడ చేసిన బొమ్మల కర్టెన్. ఎముకల వార్డులో కిటికీకి వెయ్యాలని ఎనిమిది నెలలుగా పెద్ద నర్సమ్మ చుట్టూ తిరుగుతోంది. నిన్న సాయంత్రం గానీ ఆ తల్లి దిగిరాలేదు. దిగినా షరతుతోనే దిగింది.

"నా వార్డులో కర్టెన్లు వారానికోసారి ఉడకాలి. నీ రంగు నా దుప్పట్లకి అంటితే ఎవరు ఊరుకుంటారు? మూడుసార్లు ఉడికించు. ప్రతిసారీ పక్కన కొత్త తెల్ల దిండు గలీబు ఒకటి వెయ్యి. మూడో గలీబు మల్లెపువ్వులా రావాలి. కాస్త రంగంటినా నీ కర్టెన్ నీ ఇంటికి, నా తెల్లది నా కిటికీకి."

న్యాయమైన షరతే. అందుకే ఆవిడకి అంత భయం. రేపటి నుంచి ఈ కర్టెన్ తరఫున మాట్లాడే మనిషి ఈ భవనంలో ఉండదు.

పదిన్నరకి డ్రమ్ము ఆగింది. బాబాయి మొదటి గలీబు పైకెత్తాడు. లేత నీలం. పిండిన చోట ఇంకాస్త ముదురు.

"ఆకాశంలా ఉంది," అన్నాడు బాబాయి. నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానేశాడు.

"రెండోది వెయ్యి," అంది ఆవిడ.

ఎముకల వార్డు మీద ఆవిడకి ఇంత పట్టుదల ఎందుకో బాబాయికి తెలుసు. పదిహేనేళ్ళ కిందట ఇదే గదిలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు మోసుకెళ్ళింది అతనే. నలభై రోజులు కాలు పైకి వేలాడదీసుకుని ఆవిడ ఆ వార్డులో పడుకుంది. ఎదురుగా కిటికీ. కిటికీ అవతల పక్క భవనం గోడ. గోడ కనిపించకుండా తెల్ల కర్టెన్. ఆ కర్టెన్‌ని ఇస్త్రీ చేసింది తనే. చూద్దామంటే ఒక్క ముడత కూడా లేదు. మొదటి వారం తన పనితనానికి తనే మురిసింది. రెండో వారం విసుగొచ్చింది. ఇరవయ్యో రోజు నర్సుని పిలిచి, "ఆ గుడ్డ కాస్త నలపవమ్మా, నీకు పుణ్యం ఉంటుంది," అని బతిమాలింది. నర్సు జ్వరం చూసి వెళ్ళిపోయింది.

బయటికొచ్చిన నెలకే పిల్లనగ్రోవి కొన్నది.

కళకి వేళ్ళు పొడుగ్గా ఉండాలంటారు, గురువుండాలంటారు, తీరికుండాలంటారు. ఆవిడకి మూడూ లేవు. కోరిక ఉంది, సిగ్గు లేదు. ఆరు నెలలు ఊదితే గాలి వచ్చింది. ఏడో నెలలో ఒక కూత వచ్చింది. గోడ అవతల నుంచి పక్కింటామె, "వదినా, మూడో విజిల్ వచ్చింది, కుక్కర్ దించెయ్!" అని కేకేసింది. ఆ రోజు ఆవిడ కూడా కడుపుబ్బ నవ్వింది. మర్నాడు మళ్ళీ ఊదింది.

తర్వాత అల్లిక. ఇంటాయనకి స్వెట్టరు అల్లింది. బాగానే వచ్చింది. కానీ ఆవిడ చేతికి ఏ బట్ట దొరికినా ఇస్త్రీ చెయ్యకుండా వదలదు కదా, ఆవిరి పట్టించి మరీ రుద్దింది. ఉన్ని సాగి చాప అయింది. ఇంటాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది వేసుకోవాలా, పరుచుకోవాలా?" అన్నాడు. పదేళ్ళుగా పరుచుకునే పడుకుంటున్నాడు. మట్టి పని నేర్చుకుందామని వెళ్ళి, తడి కుండ త్వరగా ఆరాలని దానికీ ఇస్త్రీపెట్టె చూపించింది. కుండ రెండు ముక్కలైంది. నేర్పే ఆయన దణ్ణం పెట్టి పంపేశాడు. చెక్క చెక్కబోతే గరిటెగా మొదలైనది పళ్ళు కుట్టుకునే పుల్ల దగ్గర ఆగింది. ప్రయోగాలక్క అన్న పేరు అప్పుడే స్థిరపడింది. పిలిచేవాళ్ళు ఎగతాళికే పిలిచారు. ఆవిడ పలికేసింది. పలికేస్తే ఇంకేం చేస్తారు?

చివరికి మైనపు రంగులతో బొమ్మలు. ఒక కోడిపుంజుని గీసింది, పసుపు రంగుది. కాగితం కాస్త వంకర తిరిగింది. వంకర తిరిగితే ఏం చెయ్యాలి? ఇస్త్రీ చెయ్యాలి. ఈ ఆలోచన ప్రపంచంలో ఇంకే చిత్రకారుడికీ వచ్చి ఉండదు. చేసింది. మైనం కరిగి, కాగితంలోంచి దిగి, కింద పరిచిన గుడ్డకి పట్టేసింది. తిట్టుకుంటూ ఆ గుడ్డని తీసి ఇంటాయన చొక్కాలకి నీలిమందు కలిపిన బకెట్లో పడేసింది. తీసేసరికి గుడ్డంతా నీలం. మైనం ఇంకిన చోట మాత్రం నీలం ఎక్కలేదు. నీలం మధ్యలో పసుపు పుంజు నిలబడి ఉంది. తను గీసినదానికంటే అదే పుంజులా ఉంది.

బకెట్ ముందు ఎంతసేపు కూర్చుందో, ఆ పూట అన్నం మాడింది.

రంగుల కొట్టాయనకి చూపిస్తే, "ఇది పాత పనేనమ్మా, వందల ఏళ్ళ నుంచి చేస్తున్నారు," అన్నాడు. ఇంకొకరైతే నీరుగారిపోయేవారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అయితే నాలాంటోళ్ళు చాలామంది ఉన్నారన్నమాట!" అంది. ఉడుకుకి ఆగే రంగేదో అతనే చెప్పాడు. ప్రమాణం మాత్రం చెయ్యలేదు.

రెండేళ్ళు పట్టింది. మైనం పూసిన గుడ్డ మడిస్తే మైనం పగిలేది, పగుళ్ళలో రంగు పాకి సన్నటి నరాల్లా గీతలు పడేవి. మొదట్లో ఆ గీతల్ని చూస్తే ఒళ్ళు మండేది. బతుకంతా ముడతలు తీసిన మనిషి. ఒకనాడు దీపం ముందు గుడ్డ పట్టుకుని చూసి, ఆ గీతలే బొమ్మకి ప్రాణమని గ్రహించింది. ఆ తర్వాత గుడ్డని రెండు చేతులా గుప్పిట పట్టి, పళ్ళు బిగించి, కావాలనే నలిపింది.

రెండో గలీబు మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. తెల్లగానే ఉంది, కిటికీ దగ్గరికి తీసుకెళ్తే తప్ప. కిటికీ దగ్గర ఒక మూల సన్నగా నీలం.

బాబాయి అటూ ఇటూ చూశాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, మూడోసారి గలీబు వెయ్యకుండా తిప్పుతా. బయటికి తీసేటప్పుడు ఉతికినదాన్ని ఒకదాన్ని తడిపి ఇస్తా. గలీబులన్నీ ఒకటే మొహం. నర్సమ్మకేం తెలుస్తుంది?"

ఆవిడ చేతిలో కోటు అలాగే ఉండిపోయింది. చాలా తేలికైన పని. ఎవరికీ నష్టం లేదు అనిపించే తేలిక.

"వచ్చే వారం దుప్పట్లన్నీ నీలం అవుతాయి. అప్పుడేమంటారు? ప్రయోగాలక్క పిచ్చి బొమ్మ వల్లే అంటారు, పీకి పారేస్తారు. నా ముందు పారేస్తే పోట్లాడతా. నేను లేనప్పుడు పారేస్తే?" అంది. "గలీబు వెయ్యి బాబాయ్. కొత్తదే వెయ్యి."

"నువ్వు మారవు."

"ఇన్ని మారాను, ఇంకేం మారమంటావ్!"

మిగిలిన కోట్లు పదకొండు. కాలరు, భుజాలు, చేతులు, జేబులు, వీపు. వెనక డ్రమ్ము తిరుగుతూనే ఉంది. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆఖరి కోటు బొత్తాలు పెట్టి, మడిచి, దొంతర మీద పెట్టేసరికి డ్రమ్ము ఆగింది.

పెద్ద నర్సమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది. బాబాయి చేతిలోంచి గలీబు తనే లాక్కుంది. కిటికీ దగ్గరికి నడిచి వెలుతురుకి ఎదురుగా పట్టింది. తిరగేసింది. మూలలు చూసింది. కుట్లలోపల వేలు పెట్టి చూసింది. తన తెల్ల కొంగు దాని పక్కన పెట్టి చూసింది.

"నా చీరే మాసినట్టుంది," అంది.

బాబాయి ఈల వేశాడు. ఆవిడ మాత్రం తడి కర్టెన్ బల్ల మీద పరిచి ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టడం మొదలెట్టింది.

వార్డులో స్టూలు తెప్పించి, "నువ్వెక్కకు, ఒకసారి విరిగింది చాలు," అంది నర్సమ్మ. ఆవిడ అప్పటికే చెప్పులు విప్పి ఎక్కేసింది. మునివేళ్ళ మీద లేచి ఒక్కొక్క కొక్కెం తగిలించి కర్టెన్ వదిలింది. సాయంత్రపు ఎండ అవతలి గోడ మీద పడి, ఆ వెలుగు వెనక నుంచి వచ్చింది.

నీలం మీద పొడుగాటి దండెం. దండేనికి ఆరేసిన ప్యాంట్లు, లుంగీలు, గౌన్లు. గాలికి అన్నీ లేచి పరుగెడుతున్నాయి. ఒకటి గెంతుతోంది. ఒకటి దండెం తెంపుకుని పోతోంది. నలిపిన గీతలు ఒక్కో ప్యాంటులో మోకాళ్ళై వంగాయి.

మంచాల మీద కాళ్ళు వేలాడదీసుకున్న ఎనిమిది మందీ అటే చూశారు. మూడో మంచం మీది లారీ డ్రైవరు మోచేతి మీద లేచాడు.

"ఓ అక్కా! ఆ తెంపుకుపోయేది నా ప్యాంటే! నన్నిక్కడ పడేసి ఎటు పోతోంది?"

"నీకంటే ముందు ఇంటికి పోతోంది తమ్ముడూ. నువ్వెళ్ళి పట్టుకో."

వార్డంతా నవ్వింది. నవ్వితే విరిగిన ఎముకలు నొప్పి పుడతాయి. అబ్బా అంటూనే నవ్వారు. రెండో మంచం ముసలాయన తన ప్యాంటేదో ఎంచుకునే పనిలో పడ్డాడు. దానికోసం నాలుగో మంచంతో గొడవకి దిగాడు.

నర్సమ్మ చేతులు కట్టుకుని చూసింది. "ఆ చివర ఇంకో కిటికీ ఉంది కదా, దాని సంగతేమిటి?" అంది, ఏదో తప్పు పట్టినట్టు.

"రేపట్నుంచి నాకు డ్యూటీ లేదమ్మా," అంది ఆవిడ స్టూలు దిగుతూ. "తీరిగ్గా చేసి పట్టుకొస్తా. మూడు ఉడుకులూ మీరే చూసుకోండి."

చెప్పులు వేసుకుంది. ఎవరూ దండలు వెయ్యలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఇచ్చినా ఆ గొడవలో వినిపించేవి కాదు. వరండా దాటి, మెట్లు దిగి, వెనక గేటు లోంచి బయటికి నడిచింది. ఆవిడ వెళ్ళిన సంగతి వార్డులో ఎవరూ గమనించలేదు. ప్యాంట్ల పంపకం ఇంకా తేలలేదు.

కిటికీ కింద స్టూలు అలాగే ఉంది. దాని నల్లటి రేకు మీద, వార్డు నేల మీది పిండికట్ల పొడి అంటిన ఆవిడ రెండు పాదాల ముద్రలు. మడమలు పడలేదు, వేళ్ళు మాత్రమే.