మేస్త్రీ జేబులో మాత్రలు

పన్ను ఊడి సిమెంటు నేల మీద పడ్డాక కూడా పిడుగు చెయ్యి ఆగలేదు. నలుగురు తోటి హమాలీలు మీదపడి, మెడ పట్టుకుని, కాళ్లు లాగి బస్తాల మీద పడేస్తే అప్పుడు ఆగింది. కింద పడి ఉన్న పొడుగాయన దవడ ఒక పక్కకు జారిపోయింది. రక్తమూ చొంగా కలిసి కారి చొక్కా తడిసిపోయింది. ఆయన చేసిన నేరమల్లా ఒక్కటే. బస్తా బరువు పెరిగింది కదా, మోత కూలి కూడా పెంచమని అందరి ముందూ అడిగాడు. ఆ గోడౌన్లో పది బస్తాలు మోస్తే ఒక టీ, ఒక బన్ను వస్తాయి. ఆ రెండూ కడుపులో పడితే ఇంకో పది బస్తాలు మొయ్యొచ్చు. బతకడమంటే అక్కడ అంతే.

హమాలీలకు కూలి పంచే మేస్త్రీ ఆఫీసు గది గుమ్మంలో నిలబడి టీ తాగుతూ అంతా చూశాడు. గ్లాసు ఖాళీ అయ్యాక తీరిగ్గా వచ్చాడు.

"నన్నేం చెయ్యమంటారు చెప్పండి? వాడికి పిచ్చి లేస్తే నా మాటే వినడు. అడిగేవాళ్లు కాస్త వేళాపాళా చూసుకుని అడగాలి," అన్నాడు, ఎంతో నొచ్చుకున్నట్టు మొహం పెట్టి.

పిడుగు పళ్లు కటకటలాడుతున్నాయి. ఉండుండి తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటోంది. ఒంటినిండా చీమలు పాకుతున్నట్టుంది. మూడు రోజులుగా కన్ను మూతపడలేదు. పొడుగాయన కూలి సంగతి అడుగుతుంటే మేస్త్రీ పిడుగు చెవిలో అన్నది ఒకే ఒక్క మాట: "చూడరా, నిన్నే తిడుతున్నాడు." ఆ తర్వాత ఏం జరిగిందో అతనికి ముక్కలు ముక్కలుగా తప్ప గుర్తులేదు.

పదేళ్ల కిందట ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తాల నెట్టు కూలి పిడుగు దాని కింద పడిపోయాడు. పక్కనే చచ్చిపోయిన తోటి కూలీ ముఖం తన ముఖానికి ఆనుకుని ఉండగా, పూటంతా అలా ఇరుక్కుని ఉన్నాడు. బయటికి తీశాక నిద్ర కరువైంది, చెవుల్లో గొంతులు మొదలయ్యాయి. మేస్త్రీ డాక్టరుకు చూపించి, మాత్రలు కొన్నాడు. దేవుడిలాంటి మనిషని గోడౌన్ గోడౌనంతా నెత్తిన పెట్టుకుంది. మాత్రలు మాత్రం ఆయన చొక్కా జేబులోనే ఉండిపోయాయి. సాయంత్రం కూలితో పాటు ఒక మాత్ర. అది పడితే పిడుగు మాట్లాడకుండా ఎద్దులా మోస్తాడు. ఎవరైనా గొంతెత్తుతున్నారని తెలిస్తే ఆ జేబుకు రెండు మూడు రోజులు మతిమరుపు వస్తుంది. పిడుగు అనే పేరు కూడా ఆయన పెట్టిందే.

ఇంట్లో అక్క అతని పగిలిన పిడికిలి వేణ్నీళ్లతో కడిగింది. ఆమెది అదే గోడౌన్లో బస్తాల మూతులు కుట్టే పని.

"ఆ పొడుగాయన పెళ్లాం నా పక్కనే కూర్చుని కుడుతుందిరా. రేపు ఆవిడ మొహం ఎలా చూడను?"

"నేను కాదక్కా. పిచ్చి లేచింది."

అక్క నీళ్ల గిన్నె తీసి గోడకేసి కొట్టింది. "ఆ పిచ్చి ఒక్కసారైనా మేస్త్రీ మీద లేవదేంరా?"

మర్నాడు అక్క పని మానుకుని అతన్ని పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. అక్కడి డాక్టరమ్మ అంతా విని మందుల చీటీ రాయడం మొదలుపెట్టింది.

"ఇదంతా పాత జబ్బే అనుకోకండి. పదేళ్లు అలవాటైన మందు ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు ఇలాగే తిరగబడుతుంది. కొన్నాళ్లు ఇచ్చి, కొన్నాళ్లు ఆపడం మరీ ప్రమాదం."

"అయితే మొత్తానికే మానేస్తానమ్మా," అన్నాడు పిడుగు.

"అస్సలొద్దు. ముందు రోజూ వేసుకుని కుదుటపడు. తర్వాత నేనే కొంచెం కొంచెంగా తగ్గిస్తాను. నెలలు పడుతుంది, ఏడాది దాటినా దాటొచ్చు. పూర్తిగా మానగలవో, కాస్త మిగుల్చుకోవాలో అప్పుడు చూద్దాం. నిద్ర పట్టకపోయినా, కోపం పెరిగినా, గొంతులు వినిపించినా దాచకుండా రా. నీ అంతట నువ్వు తగ్గించకు. ఇంకెవర్నీ తగ్గించనివ్వకు."

ఆ చివరి మాట దగ్గర అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ రోజు నుంచి ఆసుపత్రి మాత్రలు అక్క దగ్గర ఉన్నాయి. మేస్త్రీ ఇచ్చింది పిడుగు నాలుక కింద దాచి, చాటుకు వెళ్లి ఉమ్మేసేవాడు. పనిపోతుందన్న భయంతో ఇద్దరూ గుట్టుగా ఉన్నారు. కుదుటపడ్డాక డాక్టరమ్మ మొదటిసారి తగ్గించింది, బాగానే ఉంది. రెండోసారి తగ్గించినప్పుడు మళ్లీ నిద్ర కరువైంది. ఏదో చిన్న మాటకు పిడుగు తలుపు మీద గుద్దితే చెక్క విరిగింది. అడ్డొచ్చిన అక్క భుజం కమిలి నల్లబడింది. ఆ భుజం చూసి అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడు తనే ముందు చెప్పులేసుకుని, "పదక్కా, చెప్పేద్దాం," అన్నాడు. డాక్టరమ్మ మందు మళ్లీ ఒక మెట్టు పెంచి, అక్కడే ఎక్కువ కాలం ఆపింది. నిద్ర తిరిగొచ్చింది. కోపం చాలావరకు దిగింది, కొంత దిగలేదు. దిగని ఆ కోపం జబ్బుది కాదని, అచ్చంగా తనదేనని పిడుగుకు నెమ్మదిగా అర్థమైంది.

అంతలో గోడౌన్లో ఇంకో నెట్టు కూలింది. ఒకతని రెండు కాళ్లూ నుజ్జయిపోయాయి. వైద్యం ఖర్చు ఇవ్వాలని, కూలి పెంచాలని హమాలీలంతా పని ఆపేసి గేటుకు అడ్డంగా కూర్చున్నారు. బస్తాలు కుట్టే ఆడవాళ్లూ వాళ్లతో కూర్చున్నారు. లారీలు రోడ్డు పొడుగునా నిలిచిపోయాయి.

మేస్త్రీ పిడుగు వీపు మీద చెయ్యేసి గేటు దాకా నడిపించుకొచ్చాడు. చేతికి ఇనప కడ్డీ ఇచ్చాడు.

"వీడికి మూడు రోజులుగా మందు పడలేదు," అన్నాడు అందరికీ వినపడేలా. "పెళ్లాం పిల్లలున్నవాళ్లు లేచి పక్కకు పొండి. తర్వాత నన్ననొద్దు."

ముందు వరస చప్పున వెనక్కి జరిగింది. ఒక ముసలాయన చేతులు తలకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతులు చూసి పిడుగు సిగ్గుతో చచ్చిపోయాడు. కడ్డీ కింద పడేశాడు.

"పడింది," అన్నాడు.

"ఏంట్రా పడింది?"

"మందు. నిన్న పడింది, మొన్నా పడింది. మా అక్క వేస్తోంది. మీరిచ్చింది ఎప్పట్నుంచో ఉమ్మేస్తున్నా."

మేస్త్రీ మొహంలో రంగులు మారాయి. "ఎవడడిగాడ్రా నీ మందుల గోల? కొట్టరా!"

"ఇన్నాళ్లూ కొడితే పిచ్చి కొట్టిందన్నారు. ఇవాళ కొడితే కొట్టింది నేనే. కొట్టను."

మేస్త్రీ వంగి కడ్డీ తీసుకున్నాడు. మొదటి దెబ్బకు భుజం ఎముక విరిగిన చప్పుడు గేటవతలి లారీ డ్రైవరుకు కూడా వినిపించింది. రెండోది కనుబొమ్మ మీద పడి చర్మం చీరుకుపోయింది, రక్తం కంట్లోకి దిగింది. పిడుగుకు ఒళ్లు మండిపోయింది. బాగున్న చేతి పిడికిలి దానంతటదే బిగుసుకుంది. ఆ పిడికిలి లేస్తే మేస్త్రీ అక్కడికక్కడే పోతాడని అతనికి తెలుసు. పదేళ్లుగా తనను ఏం చేశాడో తలుచుకుంటే పోవాలనే ఉంది. అతను కూలబడి, ఆ చేతిని తొడ కింద పెట్టి, దాని మీద తన బరువంతా వేశాడు.

"నేను మాత్ర పడకపోతేగాని కొట్టలేకపోయాను, మేస్త్రీ," అన్నాడు రొప్పుతూ. "నీకు ఆ అవసరం కూడా లేదు."

జనంలోంచి అక్క లేచి వచ్చి తమ్ముడికి అడ్డంగా నిలబడింది. ఆమె వెనకాల గోనెపట్టాల దుమ్ము దులుపుకుంటూ ఇంకొందరు లేచారు.

కడ్డీ మూడోసారి గాల్లోకి లేచింది. ఈసారి ఒక్కరూ వెనక్కి జరగలేదు.