నడుం కింద చెయ్యి

నలభై ఏళ్లు మిషన్ మీద వంగి కుట్టిన టైలరమ్మకి అరవయ్యెనిమిదో ఏట నడుం మొరాయించింది. ఒకసారి బాత్‌రూమ్‌లో జారిపడ్డాక భయం కూడా పట్టుకుంది. నాలుగడుగులు వెయ్యాలన్నా గోడ తడుముకునేది. చివరికి కూతురి పోరు పడలేక, మందుల షాపు పైనున్న పిలాటిస్ వ్యాయామం క్లాసులో చేరింది.

"ఈ వయసులో నాకు గంతులేమిటే?"

"గంతులు కాదమ్మా, చాలావరకు పడుకునే చేస్తారు."

"పడుకోడానికి అంత దూరం వెళ్లాలా?"

మొదటి రోజు కిటికీ పక్క చాపమీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది. "మెల్లగా గాలి వదులుతూ బొడ్డు లోపలికి లాక్కోండి," అంటోంది టీచరు. అంతలో ఓ చల్లటి అరచెయ్యి నడుం కిందికి దూరి, సరిగ్గా పట్టేసిన చోటే ఆగింది. ఏళ్లనాటి బిగువు కాస్త వదిలింది. ప్రాణం లేచొచ్చి కళ్లు తెరిచింది.

టీచరు గది అవతలి మూల, తలుపు దగ్గర ఉంది.

క్లాసయ్యాక టైలరమ్మ అడిగింది. "నా నడుం పట్టుకున్నది నువ్వేనా అమ్మాయ్?"

టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "అడక్కుండా నేనెవర్నీ ముట్టుకోనండీ." కిటికీ పక్క చాపవైపు చూస్తూ, "ఈ క్లాసు మా అమ్మ పెట్టింది. పోయి ఏడాదైంది. ఆవిడ చేతులెప్పుడూ చల్లగా ఉండేవి," అంది.

టైలరమ్మ వారం రోజులు అటు కన్నెత్తి చూడలేదు. కానీ క్లాసుకెళ్లిన ఆ ఒక్క రాత్రి పట్టిన నిద్ర మళ్లీ పట్టలేదు. ఈ నొప్పికన్నా దయ్యమే నయమనుకుని వెళ్లింది. అదే చాప. అదే చెయ్యి.

మూడు నెలలు తిరిగేసరికి ఒంటికాలిమీద నిలబడి మేజోడు తొడుక్కుంటుంటే కూతురు నోరెళ్లబెట్టింది. పడతానేమోనన్న బెంగ ఎప్పుడు పోయిందో టైలరమ్మకే తెలీదు.

ఒకరోజు మిగతా అందరూ వెళ్లిపోయాక టీచరొచ్చి ఆ చాపమీద పడుకుంది. "మీరు చెప్పిన్నాటి నుంచీ రోజూ ఇలా పడుకుని చూస్తున్నానండీ. అమ్మ నా దగ్గరికి మాత్రం రాదు."

టైలరమ్మ పక్కన కూర్చుంది. తన చెయ్యే ఆ పిల్ల నడుం కింద పెట్టింది. "గాలి వదులు తల్లీ."

టీచరు వదిలింది. ఊపిరితోపాటు ఏడుపూ బయటికొచ్చింది. అప్పుడు టైలరమ్మ చేతికీ, ఆ నడుముకీ మధ్య ఇంకో చెయ్యి చల్లగా వచ్చి చేరింది. ఒళ్లు జల్లుమన్నా ఆమె కదల్లేదు.

"అమ్మా," అంది టీచరు, కళ్లు తెరవకుండానే.