నాలుగో సీసా

నేను ఒక ముక్కుచుక్కల సీసాని. వేలెడంత ప్లాస్టిక్ ఒళ్ళు, పైన తెల్ల మూత. ఫ్యాక్టరీలో నన్ను నింపి ఒంటిమీద చీటీ అంటించారు: మూడు రోజులకు మించి వాడరాదు. ఆ అక్షరాలు ఎంత చిన్నవంటే, మనుషులు చదవకపోవడం వాళ్ళ తప్పు కూడా కాదేమో.

గుంటూరులో నన్ను కొన్నవాడు ఏసోబు. మిర్చి యార్డులో షావుకారు చలమయ్యకు సరుకు చూసి పెడతాడు. కాయ విరిచి వాసన చూశాడంటే, టిక్కీ బస్తా లోపల బూజు మొదలైందో లేదో చెప్పేస్తాడు. ఆ ముక్కే అతని బతుకు. కూలీలంతా ఘాటుకు మూతికి గుడ్డ కట్టుకుంటే అతను మాత్రం కట్టడు. ముక్కు కప్పుకున్నవాడి మాట ఏ వ్యాపారి నమ్ముతాడని అతని వాదన.

జలుబుతో మొదలైంది. బుగ్గల వెనక చీము చేరింది. వంగితే నుదురు పగిలేంత నొప్పి. వాసన పూర్తిగా పోయింది. చుక్కలు వేసుకోవడం, కాయ విరవడం, దుమ్ము పీల్చడం, మళ్ళీ చుక్కలు. మొదట పూటకోసారి, తర్వాత గంటకోసారి. అలిసిపోయాను. నిజం చెప్పాలంటే, అతని ముక్కును కాసేపు తెరిచి, ఆ తర్వాత మరింత గట్టిగా మూస్తున్నది నేనే.

ఒకరోజు బూజు పట్టిన లాటు ఒకటి ఏసోబును దాటి గోదాములోకి వెళ్ళిపోయింది. చలమయ్య కేకలు వేయలేదు.

"పది రోజులు టైమిస్తన్నా ఏసోబూ. అప్పటికీ ముక్కు పనిచెయ్యకపోతే కాయల తొడాలు తుంచే కూలీల్లో కూర్చో."

ఏసోబు ముక్కు డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుని, ఇది ఎన్నో సీసా అని అడిగింది. నాలుగోదన్నాడు.

"నీ జబ్బు సగం దుమ్ము వల్ల, సగం దీని వల్ల. మానితే వారం నరకం. మానకపోతే ఎప్పటికీ ఇంతే. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కో, గట్టిగా చీదకు. గుడ్డ కట్టు."

"గుడ్డ కడితే యార్డంతా నవ్వుద్దమ్మా."

"నవ్వనీ. వాళ్ళ ముక్కులు నీకు అరువిస్తారా?"

వేరే మందు రాసిచ్చింది. ఏసోబు యార్డుకొచ్చి నన్ను మిరప పొట్టు కుప్పలోకి విసిరేశాడు. మర్నాడు గుడ్డ కట్టుకొచ్చాడు. కొత్త పెళ్ళికూతురు వచ్చిందని ఎవరో అన్నారు. అతను గుడ్డ ముడి ఇంకాస్త బిగించుకున్నాడు. నోటితో ఊపిరి పీలుస్తూ తిరిగాడు.

ఎనిమిదో రోజు వాన పడింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఏసోబు కుప్ప దగ్గరికొచ్చాడు. అటూ ఇటూ చూసి, గుడ్డ కిందికి లాగి, రెండు చేతులతో తవ్వాడు. దొరికాను, ఒళ్ళంతా తడి పొట్టుతో. మూత తిప్పాడు. ముక్కు దగ్గరికి తెచ్చాడు. ఆగిపోయాడు.

కళ్ళు మూసుకుని, నాకంటిన పొట్టును మళ్ళీ వాసన పీల్చాడు.

"బూజు," అన్నాడు నెమ్మదిగా.

నన్ను అక్కడే వదిలి, గుడ్డ పైకి లాక్కుని, టిక్కీల వైపు దాదాపు పరుగెత్తాడు.

నాలో ఇంకా సగం మందు ఉంది. ఉండనీ.