బాయి దిగని హెలికాప్టర్ సారు

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. గోదావరిఖని కమ్యూనిటీ హాల్లో ఆ సాయంత్రం రఘురామ్ గారి కళ్ళను చేటంత చేసి చూపిస్తున్నారు. ముందు వరసలో కూర్చున్న ఆయన కూతురు వేదిక మాత్రం ఒక్కొక్కరి మాటనూ జల్లెడ పడుతోంది.

రఘురామ్ ఒకప్పుడు సైన్యంలో హెలికాప్టర్ పైలట్. కొండల్లో హెలికాప్టర్ కూలి కాలు విరిగాక ఆ ఉద్యోగం వదిలి బొగ్గు కంపెనీలో సెక్యూరిటీ మేనేజరుగా చేరాడు. పది రోజుల కిందట ఆఫీసు కుర్చీలోనే గుండె పట్టుకుని ఒరిగిపోయాడని తోటివాళ్ళు ఫోన్ చేశారు. వేదిక కరీంనగర్ నుంచి దవాఖానకు చేరేసరికి అంతా అయిపోయింది. నర్సు ఇచ్చిన సంచిలో ఆయన బూట్లున్నాయి, మడమల దాకా బొగ్గు బురదతో. కుర్చీలో కూర్చున్న మనిషి బూట్లకు బురద ఎలా అంటిందని అడిగితే, "ఖనిల ఉన్నంక బొగ్గు అంటకుంటదా బిడ్డా" అని ఆ తోటివాళ్ళే మాట దాటేశారు.

ఊరు మాత్రం దాటెయ్యలేదు. ఇందాక హాలు గుమ్మం దగ్గర ఒకాయన ఆమెకు వినబడాలనే పక్కవాడితో అన్నాడు: "బాయిల కేబుల్ దొంగలు పడుతుంటే ఈ సారు ఎన్నడన్న కిందికి దిగిండా? దొంగలతోని దోస్తానా ఉన్నోడు ఎందుకు దిగుతడు?"

ఆ మాట కందిరీగలా చెవిలో దూరి ఇంకా బయటికి రాలేదు. నాన్న గనిలోకి దిగిన ముచ్చట ఇవాళ ఒక్కరు చెప్పినా చాలు, ఆ నోరు మూతపడుతుంది. తనకూ నాన్న మీద నమ్మకం మిగులుతుంది. ఆ ఒక్క మాట కోసమే ఆమె చెవులు రిక్కించి కూర్చుంది.

ముందుగా వామనరావు లేచాడు. మంథని మనిషి, నాన్న పక్క గదిలోనే ఆఫీసరు. వరదల్లో మునిగిన మిద్దె మీంచి ఒక బాలింతను నాన్న హెలికాప్టర్లోకి ఎక్కించిన కథ చెప్పాడు. తర్వాత మహిళా గార్డు రాజకుమారి, ఎండాకాలం గేటు దగ్గర గార్డులకు సారు చలువ పందిరి వేయించిన సంగతి చెప్పింది. అన్నీ మంచివే. కానీ అన్నీ నేల మీదవో, ఆకాశంలోవో. బొగ్గుబాయిల కంపెనీలో ఇన్నేళ్ళు చేసిన మనిషి గురించి నేల కింది జ్ఞాపకం ఒక్కటీ లేదు! వేదిక ఇక ఉండబట్టలేక లేచింది.

"నాన్న బాయిలకు దిగిన ముచ్చట ఏదన్న ఉంటే చెప్పుండ్రి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వామనరావూ రాజకుమారీ ఒకేసారి పోశం వైపు చూశారు. అతను నాన్న కింద పనిచేసిన గార్డుల జమేదారు.

"సార్‌కు మైసమ్మ అంటే శాన భక్తి బిడ్డా," అన్నాడు పోశం నేల చూపులు చూస్తూ. "బాయి మొకం కాడ తల్లి గుడి ఉంటది గద. మేమందరం ఒక దండం పెట్టి దిగుతం. సారైతే ఎంతసేపు నిలవడేటోడో!"

"అవునవును, మహా భక్తుడు," అని వామనరావు అందుకున్నాడు.

ఇంట్లో ఒక్కనాడు అగరొత్తి వెలిగించిన పాపాన పోని మనిషికి భక్తా? వీళ్ళంతా కూడబలుక్కున్నారు. అయితే గుమ్మం దగ్గరి మాటే నిజమా? వేదిక పోశాన్ని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"కాకా, నా మొకం చూసి చెప్పు. మా నాన్న దొంగనా?"

పోశం చెవులు మూసుకున్నాడు. "ఆ మాట అనకు బిడ్డా! భయం, గంతే. హెలికాప్టర్ కూలిన్నాడు రేకుల కింద చీకట్ల తెల్లందాక ఇరుక్కున్నడట. పక్కకే తోటి పైలట్ పీనుగ. అప్పటిసంది మూసుకున్న జాగా అంటే సారు పానం కొట్టుకుంటది. రోజు బాయి మొకం దాక వస్తడు, మైసమ్మ కాడ ఆగిపోతడు. ఒళ్ళంత చెమటలు, అడుగు పడది. నేనే దిగి, సూసొచ్చి చెప్పేది. వామనరావు సార్‌కు, రాజకుమారికి, నాకు, మా ముగ్గురికే తెలుసు. ఆకాశంల తిరిగినోడు బాయికి భయపడ్డడంటే జనం నవ్వరా? భక్తి అంటే ఎవలు నవ్వరు."

నవ్వరు సరే, దొంగ అంటారు. మంచికి పోతే చెడ్డ ఎదురైందని ఆ ముగ్గురికీ ఇంకా తోచనే లేదు.

"మరి ఆ బూట్లు?"

పోశం వరండా గోడకు ఆనుకున్నాడు. "ఆ దినం నేను దిగినంక కరెంటు పోయింది. మనుషులను పైకి గుంజే రోప్ బందయింది. గట్లయితే నడిసే ఎక్కాలె, ఆలస్యమైతది. బాయి దిగేటోళ్ళకు ఎవలకైనా ఎరుకే. సార్‌కేం ఎరుక? నా మీద పైకప్పు కూలిందనుకున్నడు. ఒక దీపం గుంజుకొని ఒక్కడే దిగిండు. నడిమిట్ల కనవడ్డడు. కండ్లు గట్టిగ మూసుకొని, గోడకున్న కేబుల్ పట్టుకొని, 'పోశం, వస్తున్న, పోశం' అని ఒర్రుకుంట వస్తున్నడు. నా చెయ్యి దొరకంగనే నా మీదనే ఒరిగిండు. కుర్చీల పోయిండని మేమే అబద్ధం చెప్పినం. లేకుంటే ఎందుకు దిగిండని అన్నీ తవ్వుతరని."

నాన్న పోయిన ఇన్ని రోజులకు వేదికకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ అనుమానమే అడ్డుపడిందని, దానికి తను చోటిచ్చిందని ఆమెకు సిగ్గేసింది.

లోపల వామనరావు మైకులో పిలుస్తున్నాడు, సారు బిడ్డ రెండు మాటలు మాట్లాడాలని. పోశం చేతులు జోడించాడు. "అక్కడ చెప్పకు బిడ్డా. సారు ఇజ్జత్ పోతది."

వేదిక మైకు అందుకుంది. గుమ్మం దగ్గర మాట విసిరినాయన వెనక కుర్చీలో దర్జాగా కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"మా నాన్నకు మైసమ్మ భక్తి లేదు. ఏ భక్తీ లేదు. చీకటంటే భయం. బాయి అంటే ప్రాణం పోయేంత భయం."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అయిపోయే దాకా ఆమె ఆగింది.

"అందుకే ఎన్నడూ దిగలే. ఒక్కసారే దిగిండు. పోశం కాక ఇంకా పైకి రాలేదని దిగిండు. అక్కడనే పోయిండు."

బాయి దిగే షిఫ్టు మనుషులకు అంతకంటే విప్పి చెప్పక్కర్లేదు. చాపిన కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాయి. గుమ్మంలో నిలబడ్డ పోశం కండువా నోట్లో కుక్కుకున్నాడు, అయినా ఏడుపు ఆగలేదు.

"నాకేం కాలేదు సారూ," అన్నాడు పెద్దగా, అంతమంది ముందు. "నేను మంచిగనే ఉంటి. నడుసుకుంట వస్తనే ఉంటి."